బాపు లారీకి పాత స్టీరింగు మళ్లీ ఎట్ల ఎక్కింది

ఈ రోజు కెమెరా కోరుట్లలో మా ఇంటి వెనక వాకిట్ల పెట్టిన. నా వెనక కనబడేది మా బాపు లారీ. టాటా 1210, 1991 మోడల్, నంబరు ఇప్పటికీ ఏపీ 15తోనే మొదలైతది. ఏపీ 15 అంటే ఉమ్మడి కరీంనగర్ జిల్లా. ఇప్పుడు జగిత్యాలకు 21, సిరిసిల్లకు 23 వచ్చినయి గాని, ఈ బండి పుట్టినప్పుడు మనమందరం ఒకటే జిల్లా.

ఇదిగో, నా చేతుల రెండు స్టీరింగులు ఉన్నయి. కుడి చేతిల ఉన్నది చిన్నది, నల్ల రెగ్జిను, మధ్యల మెరిసే మూడు పుల్లలు. ఎడమ చేతిల ఉన్నది పెద్దది, పాతది, అంచు మీద పగుళ్లు పూడ్చిన గుర్తులు. చూడంగనే ఏది బాగుంది అంటే పది మందిల తొమ్మిది మంది చిన్నదే అంటరు. నేను కూడా అదే అన్న. ఆ మాట ఎంత తప్పో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

ముందు బండి గురించి కొంచెం. చిన్నోళ్లకు తెల్వదు గని, మా బాపు ఈడు డ్రైవర్లు ఇప్పటికీ టాటా లారీని "బెంజి బండి" అంటరు. ఊరికే అనరు. టెల్కో కంపెనీ 1945లో మొదలైంది. 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేసుడు షురూ చేసింది. ఆ ఒప్పందం 1969లో అయిపోయింది. అప్పటిదాకా లారీ మూతి మీద మూడు కొమ్మల చుక్క ఉండేది, తర్వాత "టీ" అక్షరం వచ్చింది. చుక్క పోయినా పేరు పోలేదు. ఇక 1210 అంటే ఏంది? 12 అంటే బండి, లోడు కలిపి సుమారు 12 టన్నులు. 10 అంటే సుమారు 100 హార్స్ పవర్. 407 అంటే 4 టన్నులు, 70 హార్స్ పవర్. అంతే లెక్క. తెలిసినోళ్లు నవ్వకండి, నాకు ఇది ముప్పై ఏండ్లు వచ్చినంక తెలిసింది.

బాపు ఈ బండి మీద జగిత్యాల రైస్ మిల్లుల బియ్యం, మెట్‌పల్లి దిక్కు పసుపు నిజామాబాద్ యార్డుకు, ఒక్కోసారి సిరిసిల్ల నుంచి బట్ట తానులు మోసిండు. మా చదువులు, అక్క పెండ్లి అన్నీ దీని మీదనే. కిరాయిలు బందైనంక గూడ అమ్మలేదు. వాకిట్ల పెట్టుకొని, పొద్దుగాల ఒకసారి స్టార్ట్ చేసి, వడ్ల సీజన్ల మా సొంత వడ్లు మిల్లుకు తోలుతడు.

నేను మస్కట్‌లో ఐదేండ్లు ట్రైలర్ నడిపిన. అక్కడి బండ్లకు స్టీరింగు ఒక వేలితో తిరుగుతది. ఇంటికి వచ్చినంక బాపు లారీ ఎక్కితే నాకు నవ్వొచ్చింది. ఇంత పెద్ద చక్రం, గానుగ తిప్పినట్టు తిప్పుడు. ఫోన్ల ఒక వీడియోల పాత లారీకి చిన్న స్టీరింగు పెట్టింది చూసిన. మంచిగ కొట్టింది కంటికి. ఒక ఊళ్లె డెకరేషన్ షాపుకు పోయి పెట్టించుకొని వచ్చిన. పాత స్టీరింగును వాళ్లే పాత ఇనుము కింద తీసుకున్నరు. నాకు పట్టింపే లేకుండె.

బాపు చూసి ఏమనలేదు. "బాగుందా బాపు" అని అడిగితే "నువ్వు తెచ్చినవ్ గద కొడుకా" అన్నడు. ఇప్పుడు ఆలోచిస్తే అది జవాబే కాదు.

అప్పటి నుంచి బాపు బండి తీసుడు తగ్గించిండు. మిల్లుకు పోవాలంటే "నువ్వు తోలు" అంటుండె. వయసు మీద పడ్డదనుకున్న. ఒకరోజు నేను లేనప్పుడు వాకిట్ల బండిని రివర్స్ చేసుకుందామని ఎక్కిండు. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి బండి సగం తిరిగి ఆగి ఉంది, ఇంజన్ నడుస్తనే ఉంది, బాపు ఎడమ భుజం పట్టుకొని సీట్ల కూసున్నడు. నన్ను చూసి చెయ్యి తీసిండు. ఏం గాలేదు అన్నడు. ఆ రోజు నేను బండిని లోపల పెట్టిన గని, నాకు కూడా భుజం గుంజింది. నాకు ముప్పై మూడు, ఆయనకు అరవై ఆరు.

ఇక్కడ లెక్క చెప్త, జాగ్రత్తగ వినండి. ఈ బండికి పవర్ స్టీరింగు లేదు. అంటే ముందు చక్రాలను తిప్పే బలం మొత్తం మన చేతులదే. పంపు లేదు, ఆయిలు తోసుడు లేదు. స్టీరింగు అనేది ఒక తులాము. చేతి పట్టు మధ్యల నుంచి ఎంత దూరం ఉంటే అంత తేలిక. బావి మీద గిరక తిప్పే పిడి పొడుగుంటే తేలిక, పొట్టిగుంటే బరువు, అదే సంగతి. పాత స్టీరింగును టేపుతో కొలిస్తే అడ్డం 22 అంగుళాలు. చిన్నది 15. సగం తీసుకుంటే 11, ఏడున్నర. పెద్దదాని మీద 10 కిలోల బలంతో అయ్యే పనికి చిన్నదాని మీద సుమారు 14.7 కిలోలు పెట్టాలె. అంటే దగ్గర దగ్గర సగం ఎక్కువ. అది ఖాళీ బండికి. ముందు ఇరుసు మీద బరువు పడ్డంక ఆ సగమే చేతికి కొండ.

ఇంకో పొరపాటు చాలామందికి ఉంటది, నాకు కూడా ఉండె. చిన్న స్టీరింగు పెడితే బండి తొందరగ తిరుగుతదని. తిరగదు. ఎన్ని చుట్లు తిప్పితే చక్రం ఎంత తిరగాలన్నది కింద స్టీరింగు బాక్సుల ఉండే పళ్లు నిర్ణయిస్తయి. పైన పళ్లెం మార్చినా, గంప పెట్టినా ఆ చుట్లు మారవు. చుట్టు చిన్నది అయితది, బరువు పెద్దది అయితది, అంతే.

మరి కొత్త లారీలకు చిన్న స్టీరింగు ఎందుకు? వాటికి హైడ్రాలిక్ సాయం ఉంటది కాబట్టి. అమెరికాల ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లనే పవర్ స్టీరింగు చేసి చూపిచ్చిండు. కార్ల అమ్మకానికి వచ్చుడు 1951ల, క్రైస్లర్ ఇంపీరియల్‌తోని. మా దగ్గర మామూలు లారీ డ్రైవరు చేతికి అందేసరికి ఇంకెన్ని ఏండ్లు పట్టిందో మా బాపు భుజాన్ని అడగాలె.

సరే. మా గల్లీ చివర ఒక చాచా ఉంటడు, పాత మిస్త్రీ, షెడ్డు బందు పెట్టి ఇంటికాడనే చిన్న పని చేస్తడు. ఆయనను తీసుకొచ్చిన. నేను స్టీరింగు మార్చాలె అంటే ఆయన స్టీరింగు దిక్కే చూడలేదు. ముందు టైర్లల గాలి చూసిండు. తర్వాత కింద దూరి కింగ్ పిన్నులకు గ్రీజు గన్ పెట్టిండు. "బండి బరువుగ తిరుగుతుందంటే అందరు పైన చూస్తరు బేటా, సగం రోగం కింద ఉంటది" అన్నడు. నిజమే, ఒక దిక్కు గ్రీజు పోయే రంధ్రం మన్ను పట్టి మూసుకపోయి ఉండె. పాత గ్రీజు నల్లగ, గట్టిగ బయటికి వచ్చేదాక కొట్టిండు. టై రాడ్ చివరలు, డ్రాగ్ లింకు చేత్తో ఊపి చూసిండు. మీరు గూడ స్టీరింగు మీద పైసలు పెట్టే ముందు ఇది చేయించుకోండి. వంద రూపాయల గ్రీజుతో సగం బాధ పోవచ్చు.

తర్వాత ప్లే చూసిండు. ప్లే అంటే స్టీరింగు కదిలినా చక్రం కదలని ఆ ఖాళీ. దీనికి చట్టంల గూడ లెక్క ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలల 98వ నియమం, స్టీరింగు మీద 30 డిగ్రీలు దాటి ఖాళీ ఉండొద్దు అంటది. 30 డిగ్రీలు ఎట్ల కొలుస్తరు? కోణమాపిని అవసరం లేదు, బట్టల టేపు చాలు. చుట్టుకొలతల పన్నెండో వంతు. 22 అంగుళాల స్టీరింగుకు అంచు మీద సుమారు ఐదు ముప్పావు అంగుళాలు, 15 అంగుళాలదానికి నాలుగు అంగుళాల లోపు. ముందు చక్రాలు నిటారుగ పెట్టి, ఒకరు కింద చక్రాన్ని చూస్తుంటే ఇంకొకరు మెల్లగ అటు ఇటు తిప్పాలె. మాది అంచు మీద మూడు అంగుళాలు వచ్చింది. హద్దుల లోపలే ఉంది గని చాచా మొఖం మారింది. "ఇది బాక్సుది కాదు, ఇక్కడిది" అని స్టీరింగు బొడ్డు మీద వేలు పెట్టిండు.

విప్పినం. ఇది ఎట్ల విప్పాలో ఒక్కసారి చెప్త, ఎందుకంటే విప్పుట్లనే చాలామంది ఖరాబ్ చేస్తరు. బ్యాటరీ వైరు ముందు తీసేయాలె, లేకుంటే హారన్ వైరు ఇనుముకు తాకి మంట వస్తది. మధ్య మూత తీస్తే నట్టు కనబడతది. కిరోసిన్, డీజిలు కలిపి పోసి రాత్రంతా వదిలేసినం. పొద్దుగాల నట్టు వదులు చేసినం గని పూర్తిగ తీయలేదు, రెండు చుట్లు ఉంచినం. ఎందుకు? స్టీరింగు ఒక్కసారి ఊడివస్తే మూతి పగులుతది. అప్పుడు పుల్లర్ పెట్టి లాగినం. పుల్లర్ లేదని కొందరు రాడ్ కొస మీద సుత్తెతో కొడతరు. ఆ దెబ్బ మరలు చెడగొడతది, కింద బాక్సుల బేరింగు దాకా పోతది. కొట్టొద్దు. కిరాయికి తెచ్చుకోండి.

ఊడివచ్చినంక చూస్తే లోపల ఏముంది అనుకున్నరు? చిన్న స్టీరింగు బొడ్డు ఈ రాడ్‌కు సరిపోదు. రాడ్ కొసకు పళ్లు ఉంటయి, బొడ్డు లోపల గూడ అవే పళ్లు ఉండాలె, వాలు గూడ కలవాలె. కలవకపోతే ఆ షాపుల లేత్ మీద ఒక బుష్ చేసి, లోపల దిగ్గొట్టి, రెండు చోట్ల వెల్డింగు చుక్కలు పెట్టిండ్రు. బుష్ మందంగ ఉండేసరికి నట్టుకు మరలు అందలే. రెండున్నర చుట్లు పట్టి ఉంది నట్టు. రెండున్నర.

చాచా బుష్‌ను కిరోసిన్‌ల ముంచి, బట్టతో తుడిచి, మా పాప చాక్‌పీసు తీసుకొని పొడి చేసి చల్లిండు. పది నిమిషాలు ఆగమన్నడు. తెల్లటి పొడి మీద వెంట్రుకంత నల్ల గీత తేలింది, వెల్డింగు చుట్టూ మూడు పావులు. లోపలికి పోయిన కిరోసిన్ పగులుల నుంచి బయటికి వచ్చి పొడిని తడుపుతది, అదీ గీత. మిషన్లు లేని కాలం నాటి పరీక్ష ఇది. ఇదిగో, కెమెరాకు దగ్గర పెడుతున్న, కనబడుతుందా? గీత ఇక్కడ మొదలై... ఇక్కడిదాకా.

అంతకు నెల ముందు ఇదే బండిల మా అక్క పిల్లలను క్యాబిన్ల కూసోబెట్టుకొని కొండగట్టు పోయొచ్చిన. ఘాటు రోడ్డు ఎక్కి దిగిన. చాచా ఏమనలేదు. ఆ బుష్‌ను కాగితంల చుట్టి నా జేబుల పెట్టిండు. నేను కాసేపు బండి మెట్టు మీద కూసున్న.

ఇంక పాత స్టీరింగు కోసం తిరుగుడు. మాది ఎప్పుడో కరిగిపోయి ఉంటది. కోరుట్లల రెండు పాత సామాన్ల షాపులు చూసిన, లేదు. జగిత్యాలల ఒక దగ్గర దొరికింది గని వేరే కంపెనీ లారీది. వాడు "నడుస్తది అన్న, బుష్ వేసుకో" అన్నడు. బుష్ అనే మాట వినంగనే బయటికొచ్చిన.

సిరిసిల్లల మా మేనమామ ఉంటడు, మరమగ్గాల మీద పని. ఆయన ఫోన్ చేసి, ఊరి బయట ఒక యార్డుల పాత టాటాలు విప్పుతున్నరు రా అన్నడు. చాచా బట్టల సబ్బు ఒకటి తీసుకొని రాడ్ కొస మీద గట్టిగ ఒత్తిండు. పళ్లు, వాలు, లావు అన్నీ సబ్బు మీద అచ్చు పడ్డయి. నూనె కాగితంల చుట్టి నాకిచ్చి, పళ్లు లెక్కపెట్టి రాసుకోమన్నడు. లెక్క నేను ఇక్కడ చెప్పను, మీ బండిది మీరు లెక్కపెట్టుకోవాలె, ఒక్క పన్ను తేడా అయినా వద్దు.

సబ్బు సంచిల పెట్టుకొని బస్సెక్కిన. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి, వేములవాడ మీదుగ. అది సోమవారం అని మర్చిపోయిన. వేములవాడ దాకా బస్సుల కాలు పెట్టే జాగ లేదు, రాజన్న దర్శనానికి పోయేటోళ్లు. సబ్బు ఒత్తుకపోతదేమోనని సంచిని తల మీద పట్టుకొని నిలబడ్డ. పక్కన ఒక అవ్వ "ఏందిరా బిడ్డ, ప్రసాదమా?" అన్నది.

యార్డుల మూడు స్టీరింగులు ఉండె. మొదటిది వంకర పోయింది. రెండోది సబ్బు అచ్చుకు కలవలే. మూడోది మా బండి కంటే పాత టాటాది, అంచు ఇంకా సన్నగ, ఇంకా గట్టిగ ఉంటది. బొడ్డుల సబ్బు దూర్చి తిప్పితే పన్ను పన్ను కూసుంది. నడవంగ అంచు మీద ఆరు పగుళ్లు, ఒక చోట లోపలి ఇనుము కనబడుతుంది. ఇనుము కడ్డీ సక్కగ ఉందా అని నేల మీద పెట్టి తిప్పి చూసిన, ఊగలే. తీసుకున్న.

పగుళ్లకు వెల్డింగు పెట్టరాదు, అంచు కాలిపోతది. రంపం బ్లేడుతో పగులును వీ ఆకారంల కొంచెం వెడల్పు చేసి, పెట్రోలుతో తుడిచి, ఎపాక్సీ నింపి, ఒక రోజు ఎండనిచ్చి, ఎమరీ కాగితంతో రాకినం. తొందరపడి అదే రోజు రాకితే మొత్తం ఊడివస్తది, నాది ఒకటి అట్లనే పోయింది, మళ్లీ చేసిన.

పైన ఈ చుట్టు చూడండి. ఇది మా మామ పని. రెగ్జిను కవర్ వేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. లూజు కవరు చేతిల జారుతది, తిప్పేటప్పుడు అంచు ఒక దిక్కు, కవరు ఒక దిక్కు పోతది. మగ్గం కాడ మిగిలిన నూలును పురి పెట్టి సన్నని తాడు చేసి, ఒక్కో చుట్టు పక్కపక్కన బిగించి చుట్టిండు. కొసలు ముడి వేసిన చోటు చూపెట్టమంటే నాకు దొరకలే. పడుగుల తెగిన పోగును అతికే చేతులు గదా. మూడు గంటలు పట్టింది, నడుమ రెండుసార్లు విప్పి మళ్లీ చుట్టిండు, చాయ గూడ చల్లారింది.

ఎక్కించుడు సంగతి. ముందు చక్రాలు కంటికి నిటారుగ కనబడ్డయని స్టీరింగు పెట్టెయ్యొద్దు. రాడ్‌ను ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తిప్పి చుట్లు లెక్కపెట్టి, సరిగ్గ సగం వెనక్కి రావాలె. అదీ బాక్సు నడుమ. బాక్సు నడిమిట్లనే ప్లే తక్కువ ఉంటది, నిటారు రోడ్డు మీద మనకు అక్కడే పట్టు కావాలె. అప్పుడు గూడ చక్రాలు వంకరగ ఉంటే స్టీరింగును కాదు, కింద డ్రాగ్ లింకును సర్దాలె. బొడ్డు ఎక్కించి, వాషర్ వేసి, నట్టు బిగిస్తే ఈసారి మరలు నట్టు దాటి బయటికి వచ్చినయి. చాచా ఆ మరలను వేలితో తడిమి చూసిండు. తర్వాత స్టీరింగును రెండు చేతులతో పట్టుకొని పైకి గుంజిండు, కిందికి తోసిండు, కాలు తన్నిపెట్టి మళ్లీ గుంజిండు. హారన్ వైరు పాత జాగల కలిపిండు. చిన్న స్టీరింగు పెట్టినప్పుడు హారన్ కోసం డ్యాష్ మీద ఇంటి కరెంటు స్విచ్ పెట్టిండ్రు, అది పీకేసినం.

ఒక మాట, చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, ఆర్సీల ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దంటది. అదే రకం పాత సామాను పెట్టుకునుడు వేరు, ఆకారం మార్చుడు వేరు. ఎనిమిదేండ్లు దాటిన కిరాయి బండికి ఏటా ఫిట్‌నెస్ ఉంటది, అక్కడ స్టీరింగు ఊపి చూస్తరు. మీకు పాత బండి మీద చిన్న స్టీరింగే కావాలంటే ముందు పవర్ స్టీరింగు సంగతి మంచి మిస్త్రీతో మాట్లాడండి, తర్వాత అందం చూసుకోవచ్చు.

మొదటిసారి రోడ్డు మీద కాదు, కోసిన వరి మడిల నడిపినం. నేను ఎక్కబోతుంటే బాపు వచ్చిండు. చెప్పులు కింద విడిచి ఎక్కిండు. నాకు ఎప్పుడు గమనంల లేనిది ఆ రోజు చూసిన: ఆయన బొటనవేళ్లు అంచు లోపలికి పెట్టడు, పైన ఆనించి ఉంచుతడు. ఎందుకు బాపు అని అడిగితే కుడి బొటనవేలు చూపిచ్చిండు, మొదలు దగ్గర వంకర. ముందు చక్రం గుంతల పడితే ఈ స్టీరింగు వెనక్కి తన్నుతదట. పుల్ల వచ్చి వేలుకు కొడతది. లక్షెట్టిపేట దాటినంక ఒక గుంత, ఏడాది గూడ ఆయనకు యాదికున్నది. నేను ఆ వంకర వేలును పుట్టినప్పటి నుంచి చూస్తున్న, పుట్టుకతోనే అట్ల ఉందనుకున్న.

"నిలబెట్టి తిప్పకు, బండి కొంచెం కదలనియ్యి, అప్పుడు తిప్పు. అదే తిరుగుతది" అన్నడు. ఫస్ట్ గేరుల బండి కదిలింది, ఆయన చేతులు ఒకదాని మీద ఒకటి పోతున్నయి, తొందర లేదు. మడి చివర ఒక్క మలుపుల తిప్పుకొని వచ్చిండు. భుజం పట్టుకోలేదు. నా దగ్గరికి వచ్చి ఆపి, మామ చుట్టిన నూలు మీద చెయ్యి రాకి, "సిరిసిల్లోడు బిగ్గరనే చుట్టిండు" అన్నడు. హారన్ ఒకసారి కొట్టిండు, అవసరం లేకున్నా.

మొన్న వడ్లు మిల్లుకు ఆయనే తోలిండు. నేను పక్క సీట్ల. జగిత్యాల రోడ్డు మీద ఎదురుంగ వచ్చే పాత డ్రైవరు ఒకాయన బండి చూసి చెయ్యి ఊపిండు.

ఈ చిన్న స్టీరింగును మా అక్క కొడుకు అడుగుతుండు, మంచం మీద పెట్టుకొని బస్సు నడుపుతడట. ఇస్త. ఆ పగిలిన బుష్ మాత్రం ఇయ్య, అది క్యాబిన్ల అద్దం కాడ దారానికి కట్టి పెట్టిన. వచ్చే ఎపిసోడ్‌ల కింగ్ పిన్ బుష్‌లు ఎట్ల మార్చాలో చాచా షెడ్డుల చూపెడత, ఆయన కెమెరా ముందుకు వస్తనన్నడు, సబ్బు గూడ తెస్తనన్నడు. ఉంట మరి.